చెరువులో కుండలు, నేను చదవని వాక్యం

మా నాయిన మా ఊరి చెరువుకు నీరటి. తూము బిరడాను ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసుకోవడం నీరటి పని. ఆయన తండ్రి, తాత కూడా ఆ పనే చేశారు. అందుకు నెలజీతమంటూ ఉండేది కాదు. కోతలైన తరువాత రైతులు కల్లంలో నీరటి వాటా తీసి పక్కన పెట్టేవారు. ఆ గింజలతోనే మా ఇల్లు గడిచింది. వాటితోనే నేను పట్నంలో గది కిరాయికి తీసుకొని బి.ఏ. పూర్తి చేయగలిగాను. మా వంశంలో కలం పట్టిన మొదటివాణ్ణి నేనే. ఈ సంగతి గర్వంగా చెప్పుకున్న రోజులు ఉన్నాయి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం గర్వంతో కాదు.

మా చెరువు పుప్పాలగూడకు ఇవతల, గుండ్రాళ్ళ గుట్టల నడుమ ఉండేది. ఇప్పుడు ఆ కట్ట మీదుగానే అద్దాల ఆఫీసులకు బస్సులు పోతున్నాయి. ఆనాడు లంగర్‌హౌజ్‌లో బస్సు దిగితే అక్కడి నుంచి నడకే. చెరువు సర్కారుది కనుక అందులో ఎవరైనా దిగవచ్చు. చలికాలం మొదలయ్యేసరికి ఉత్తరం నుంచి అడవి బాతులు గుంపులు గుంపులుగా వచ్చి వాలేవి. మా ఊళ్ళో చిన్నవాటిని పరజలనేవారు. నెత్తిన రెండు నల్లచారలు ఉన్న బరువైనవాటిని పెద్దబాతులనేవారు. పరజలు పగలంతా నీటి మీదే కునికేవి. పెద్దబాతులు వరి మళ్ళలో మేసి, తెల్లవారేసరికి చెరువు చేరేవి.

మా నాయిన పరజలను కుండతో పట్టేవాడు. దీపావళి దాటగానే కుమ్మరి వాము దగ్గర పక్కకు పెట్టిన వంకర కుండలను ఏడెనిమిది తెచ్చి చెరువులో వదిలేవాడు. అవి నెలరోజులు గాలికి అటూ ఇటూ తేలుతూ ఉండేవి. మొదట్లో బాతులు వాటిని చూసి బెదిరేవి. కొన్నాళ్ళకు వాటి పక్కనే తిరిగేవి, తరువాత వాటికి ఆనుకొని నిద్రపోయేవి. అప్పుడు మా నాయిన ఒక కుండకు కళ్ళ దగ్గర రెండు రంధ్రాలు చేసి, దాన్ని తలకు బోర్లించుకొని మెడలోతు నీళ్ళలోకి దిగేవాడు. దగ్గరికి చేరగానే నీటి అడుగు నుంచి బాతు కాళ్ళు పట్టి గుటుక్కున కిందికి లాగేవాడు. పక్కనున్న బాతుకు తెలిసేది కాదు.

"గాలి ఎటు పోతె కుండ గటే పోవాలె, బిడ్డా," అనేవాడు. "గాలికి ఎదురొచ్చిన కుండను బాతు నమ్మదు. జర ఆగాలె. గాలి మల్లేదాక నీళ్ళల్ల నిలబడాలె."

ఒక దినం మూడుకు మించి పట్టేవాడు కాదు. నాలుగోదాన్ని పడితే బాతులు కుండలను అనుమానిస్తాయని ఆయన లెక్క. పెద్దబాతులను ముట్టేవాడే కాదు. దాని రెక్క తగిలితే మనిషి మణికట్టు విరుగుతుందట. పట్టిన మూడింటిలో ఒకటి మా ఇంటికి, ఒకటి తూము పక్కన మడి ఉన్న ముసలమ్మకు, ఒకటి ఆ రోజు ఎవరి ఇంట్లో జబ్బుమనిషి ఉంటే వారికి పోయేది.

కాలేజీలో చేరిన తరువాత ఈ వేట నాకు ఇబ్బందిగా తోచసాగింది. గదిలో నాతో ఉండిన మిత్రునికి ఒకసారి దీని గురించి చెప్పాను. అతడు కోస్తా జిల్లా నుంచి వచ్చినవాడు, మంచివాడు. అంతా విని, "నెత్తిమీద కుండ పెట్టుకొనా? మీ నాన్నగారేనాండీ?" అని నవ్వాడు. అందులో దురుద్దేశం లేదు. కానీ ఆ నవ్వు నాలో ఉండిపోయింది. ఆ తరువాత ఎవరు అడిగినా మా నాయిన నీటిపారుదల చూస్తాడని చెప్పడం మొదలుపెట్టాను. అది అబద్ధం కాదు. అబద్ధం కాని మాటల వెనుక దాక్కోవడం నాకు అప్పుడే అలవాటయింది.

డెబ్బైల తొలి సంవత్సరాల్లో నాకు ఒక సర్కారు దఫ్తరులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లోనే పట్నం నుంచి జీపుల్లో తుపాకులతో వచ్చేవారు ఎక్కువయ్యారు. చందానగర్ వైపు నుంచి బండ్లదారిన వచ్చి, కట్ట మీద జీపు నిలిపి, తెల్లవారుజామున పెద్దబాతులు వాలే సమయం కోసం కాచుకునేవారు. ఒక్క తూటాలో పిడికెడు ఛర్రాలు, అంటే చిన్న సీసపు గుళ్ళు, ఉంటాయి. అవి గుంపులో ఎన్నింటికి తగిలాయో కొట్టినవారికే తెలియదు. చేతికి అందినవాటిని జీపులో వేసుకొని వెళ్ళేవారు. దెబ్బతిని తుంగలో చిక్కుకున్నవి రెండు మూడు రోజులు అరుస్తూ ఉండేవి.

నేను ఊళ్ళో ఉన్న ఒక ఆదివారం నాడు మా నాయిన మామూలుగానే కుండతో నీళ్ళలోకి దిగాడు. నేను తూము దగ్గర ఆయన గొంగడి పట్టుకొని నిలబడ్డాను. మంచు పట్టి ఉంది. కట్టకు ఆ చివరన జీపు ఆగి ఉన్న సంగతి మేమిద్దరం చూడలేదు. పెద్దబాతులు గుట్ట మీదుగా తిరిగి నీటికి దిగుతుండగా తుపాకులు పేలాయి. చెరువు మొత్తం ఒక్కసారిగా లేచింది. రెక్కల చప్పుడులో నా కేక నాకే వినిపించలేదు. నీటి మీద తేలుతున్న కుండల్లో ఒకటి పగిలి మునిగిపోయింది. అది మా నాయిన తల మీది కుండ అనుకున్నాను.

అది కాదు. ఆయన దానికి రెండు బారల దూరంలో ఉన్నాడు. అంత కలవరంలోనూ కుండ తీయకుండా, గాలివాటునే, మెల్లగా ఒడ్డు చేరాడు. భుజం మీద మూడుచోట్ల ఛర్రాలు దిగి నెత్తురు కారుతోంది. జీపువాళ్ళు మమ్మల్ని చూశారో లేదో నాకు తెలియదు. చచ్చిన బాతులను ఏరుకొని వెళ్ళిపోయారు.

ఇంట్లో మా అమ్మ సూది కాల్చి గుళ్ళు తీసింది. తీస్తున్నంతసేపూ తిడుతూనే ఉంది.

"దవాఖానకు నడువుమంటె నడువడు. బాతులు గాదు, నిన్నె ఏసుకపోయేటోళ్ళు జీపుల. గింత పెద్ద పిట్ట దొరికెనని మురిసేటోళ్ళు."

"నన్ను కోస్తె ఏమెల్తదే, అన్ని బొక్కలే," అన్నాడు నాయిన.

ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే దరఖాస్తు రాస్తానన్నాను. అడవి జంతువుల రక్షణకు కొత్త చట్టం వచ్చిందని, ఇష్టం వచ్చినట్టు వేటాడడం ఇక చెల్లదని దఫ్తరులో విన్నాను. ఆ విషయాలు చూసే అధికారికి రాస్తే తుపాకులు ఆగుతాయని నమ్మాను. మా ఊరివారు అటవీశాఖను జంగ్లాత్ అనేవారు.

నాయిన భుజం మీద గొంగడి సర్దుకున్నాడు. తరువాత అడిగాడు.

"రాస్తె రాయి గని, నేను నీళ్ళల్ల ఏం జేస్తున్న అని రాస్తవు?"

"ఉన్నదే రాస్తా."

"ఉన్నది రాయకు. తూము బిరడా చూడనీకె దిగిన అని రాయి. అయిపాయె."

"అది అబద్ధం కాదా నాయినా?"

"బిరడా చూసుడు నా పనే గదా. ఏ దినం చూడలే? అండ్ల అబద్ధమేంది?"

"తూముకు అంతదూరంల ఎందుకున్నవు అని అడిగితే?"

"ఎవలు కొలుస్తరు? జర ఆలోచన జెయ్, బిడ్డా. జంగ్లాతోళ్ళకు కుండ సంగతి తెలిస్తె పట్వారీకి తెలుస్తది. పట్వారీ తమ్ముని కండ్లు ఎప్పటిసందో తూము మీద్నే ఉన్నయ్. నాకు తూము పోతె ఏమున్నది?"

ఆయన భయం అంత స్పష్టంగా చెప్పాడు. నాకు అర్థం కాలేదని ఈనాడు నేను అనలేను.

పట్నం గదిలో కూర్చొని దరఖాస్తు ఇంగ్లీషులో రాశాను. తెలుగు దరఖాస్తులు మా దఫ్తరులో కట్టలు కట్టలుగా మూలకు పడి ఉండడం నేను రోజూ చూసేవాణ్ణి. నాలుగుసార్లు చిత్తు రాసి ఐదోసారి శుభ్రంగా రాశాను. తేదీ, చెరువు ఎల్లలు, జీపు రంగు, ఎన్ని చప్పుళ్ళు వినిపించాయో, గాయాలు ఎక్కడెక్కడ తగిలాయో అన్నీ వివరించాను. జీపువాళ్ళ పేర్లు నాకు తెలియవు కనుక ఆ స్థలం ఖాళీగానే వదిలాను. మా నాయిన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, వృత్తి మాత్రం ఒక్క అక్షరం తప్పకుండా రాశాను. ఆ తరువాత, తెలుగులో చెబితే, ఈ వాక్యం రాశాను: దరఖాస్తుదారుడు ఆ సమయమున, తన కుటుంబ ఆచారము ప్రకారము, అడవి బాతులను పట్టుటకై తలపై మట్టికుండ ధరించి చెరువులో నిలిచియుండెను.

ఆ వాక్యం లేకుండా కూడా దరఖాస్తు నిలిచేది. కలం పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించి మరీ దాన్ని ఉంచాను. నిజం దాచిన కాగితానికి బలం ఉండదని నాకు నేను చెప్పుకున్నాను. ఈనాడు ఆ వాదన నాకు అంత తేలికగా నిలవడం లేదు. ఆ కుండను ఆయన తల మీది నుంచి దించాలని నేను కోరుకోలేదా? నా నోటితో చెప్పలేని మాటను సర్కారు నోటితో చెప్పించాలనుకోలేదా?

మరుసటి ఆదివారం ఊరికి వెళ్ళి, అరుగు మీద కూర్చొని, దాన్ని నాయినకు తెలుగులో చెప్పాను. పక్కింటి పెద్దమనిషి కూడా వచ్చి కూర్చున్నాడు.

"ఇంగ్లీష్ల రాసిండా? ఇగ తుపాకులన్ని దఫ్తర్ల జమైతయ్ తీ. జీపు గూడ మనోనికే ఇస్తరేమో!" అన్నాడా పెద్దమనిషి.

నాయిన మురిసిపోతూ విన్నాడు. చప్పుళ్ళ సంగతి వచ్చినప్పుడు తల ఊపాడు. గాయాల సంగతి వచ్చినప్పుడు తన భుజం తానే తడుముకున్నాడు. కుండ వాక్యం దగ్గరకు వచ్చాక నేను ఆగలేదు. దాన్ని చెప్పకుండానే నా గొంతు ఏ తడబాటూ లేకుండా తరువాతి వాక్యానికి వెళ్ళిపోయింది. ఆయన ఏదీ అడగలేదు. సిరా పట్టించిన బొటనవేలిని నేను చూపిన చోట, నా అందమైన దస్తూరీ కింద, జాగ్రత్తగా అద్దాడు.

నెల తరువాత విచారణకు ఒక అధికారి వచ్చాడు. నన్నూ రమ్మన్నారు గనుక సెలవు పెట్టి వెళ్ళాను. చావడిలో ఆయన కుర్చీ మీద, పట్వారీ బల్ల మీద కూర్చున్నారు. మా నాయిన కింద నేల మీద కూర్చున్నాడు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. అధికారి కృష్ణా జిల్లా వైపు మనిషి. మర్యాదస్తుడు. మొదటే ఒక సంగతి విడమరచి చెప్పాడు. లైసెన్సు తీసుకున్నవారు కొన్ని నెలల్లో కొన్ని పక్షులను కొట్టవచ్చునట. ఆ జీపువాళ్ళు ఎవరో తెలియనప్పుడు వారికి లైసెన్సు ఉందో లేదో తేల్చలేరట. ఇక మిగిలింది దరఖాస్తులో పేరు ఉన్న మనిషి మాత్రమే.

"దీన్ని ముందు తెలుగులో చదివి వినిపిస్తాను. సరేనా అయ్యా?" అన్నాడు.

ఆయన ఏ వాక్యమూ వదలలేదు. కుండ వాక్యం కూడా చదివాడు. మా నాయిన తల ఎత్తాడు. ముందు అధికారిని చూశాడు. తరువాత నన్ను చూశాడు. కోపమైతే నేను తట్టుకునేవాణ్ణి. ఆ చూపులో కోపం లేదు. నీటి మీద తేలే కుండ ఒకటి గాలికి ఎదురుగా రావడం చూసిన ప్రాణి చూపు అది.

"చూడవయ్యా," అన్నాడు అధికారి మెల్లగా. "నీకు చదువు రాదు. నువ్వు చెప్పని మాట ఇందులో ఉంటే ఇప్పుడే చెప్పు. ఈ వాక్యం నాది కాదు అంటే అలాగే రాసుకుంటాను. నీ మీద ఏమీ ఉండదు."

పట్వారీ గొంతు సవరించుకున్నాడు. "గట్లయితె రాసినోడు తప్పు రాసినట్టే గద సార్? రాసినోడు సర్కారు నౌకర్ల ఉన్నడు. చదువుకున్నోడు. అడుగాలె గద మరి?"

అధికారి నా వైపు చూశాడు. నోరు తెరవవలసింది నేను. ఆ వాక్యం నాయినకు నేను చదివి వినిపించలేదు, తప్పు నాది అని ఒక్కమాట అంటే సరిపోయేది. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ మాట నా గొంతు దాకా వచ్చిందని చెప్పుకోగలిగితే బాగుండేది. రాలేదు. నేను తలుపు పక్కన ఉన్న చెప్పులను చూస్తూ నిలబడ్డాను.

"నేను చెప్పిందే సార్," అన్నాడు నాయిన. "పిలగాడు నేను చెప్పిందే రాసిండు. మా తాత నుంచి గట్లనే పడ్తున్నం. దినం మూడు. మూడుకు మీద పట్టలె."

"మూడు మాట ఇందులో లేదు," అన్నాడు అధికారి.

"లేదా?" అన్నాడు నాయిన. అంత రాసిన నేను ఆ మాట రాయలేదన్నది ఆయనకు ఎక్కువ ఆశ్చర్యంగా తోచింది. "మూడే సార్. ఊరంత ఎరుకే."

అధికారి దాన్ని పక్కన రాసుకున్నాడు. జుల్మానా వేయలేదు, హెచ్చరించి వదిలాడు. కుండలన్నీ తీసివేయమన్నాడు. తాను చేయగలిగినంత దయ ఆయన చేశాడనే నేను అనుకుంటాను. మిగిలిన పని ఊళ్ళోనే జరిగింది. సర్కారు చెరువుకు కాపలా ఉండవలసినవాడే చెరువులో నేరం చేసినట్టు ఒప్పుకున్నాడని పట్వారీ పైకి కాగితం పంపాడు. ఉగాది నాటికి తూము ఆయన తమ్ముడి చేతికి వెళ్ళింది.

విచారణ రోజున చావడి నుంచి ఇంటిదాకా నాయినా నేనూ కలిసే నడిచాము. కట్ట మలుపు దగ్గర ఆయన ఆగాడు. మిగిలిన కుండలు చెరువు నడుమ తేలుతున్నాయి. వాటి పక్కన పరజలు తలలు రెక్కల్లో దాచుకొని నిద్రపోతున్నాయి.

"ఆ ఒక్కటి చదువకపోతివి గద, బిడ్డా," అన్నాడు.

నేను ఏదో చెప్పబోయాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"చదివితె ఏలు పెట్టకపోదునేమో. పెట్టేటోన్నేమో. నాకైతె ఎరుకలేదు. అడిగితె ఎరుకైతుండె."

ఆ తరువాత ఒక్కడే నీళ్ళలోకి దిగి కుండలను ఒక్కొక్కటిగా ఒడ్డుకు తెచ్చాడు. ఈసారి తల మీద కుండ లేదు. మనిషి రూపం కనిపించగానే బాతులన్నీ లేచిపోయాయి. ఆయన వాటిని చూడలేదు.

తూము పోయాక నాయిన ఒక ద్రాక్షతోటలో నీళ్ళు పెట్టే పనికి కుదిరాడు. కరెంటు మోటరు బటన్ నొక్కితే నీళ్ళు వచ్చేవి. ఆ పనిని ఆయన ఎన్నడూ నిందించలేదు. మా అమ్మ మాత్రం చలికాలం వచ్చిందంటే, "ఈ యేడు ఏ ఇంట్ల జబ్బుపడ్డరో, ఏం కూర తింటున్నరో," అని ఎవరితోనూ కాకుండా అనేది. ఆదివారాలు జీపు వస్తూనే ఉంది. తూము పక్క ముసలమ్మ నన్ను చూసినప్పుడల్లా, "చదువుకున్నవు, మంచిగైంది, బిడ్డా," అనేది. అందులో వెక్కిరింత ఉందో లేదో నేను తెలుసుకోలేకపోయాను.

ఒక్క సంగతి మారింది. అప్పటి నుంచి ఏ కాగితం మీదనైనా వేలిముద్ర వేయవలసి వస్తే, నేను వచ్చేదాకా నాయిన ఆగేవాడు. ఇతరులు చదువుతామన్నా ఒప్పుకునేవాడు కాదు. నేను చదవాలి, ఆయన నా పెదవుల వంక చూస్తూ వినాలి. ఆ దశాబ్దం చివర్లో మా ఇంటికి కరెంటు కోసం అచ్చు దరఖాస్తు తెచ్చాను. పై నుంచి మొదలుపెట్టి ప్రతి గడినీ, ప్రతి షరతునూ, ఆయనకు వర్తించని వాటిని కూడా చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో అచ్చు వేసినవారి పేరుంది. దాన్నీ చదివాను.

"ఇగ ఏం లేదు గద?" అన్నాడు.

"లేదు నాయినా."

ఆయన కాగితాన్ని నా చేతిలో నుంచి తీసుకొని, తిరగేసి, వెనుక వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. అయినా కాసేపు చూసి, మళ్ళీ ఇటు తిప్పి, సిరా డబ్బీ దగ్గరికి బొటనవేలు చాచాడు.